అమెరికాలో అద్దెకిచ్చిన ఇంటికి ప్రాపర్టీ మేనేజర్: విజయనగరంలో ఉంటూ ఎలా ఎంచుకోవాలి?

కంటోన్మెంట్ నివాసి (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. అమ్మానాన్నల ఆరోగ్యం దృష్ట్యా మేము కుటుంబంతో సహా విజయనగరం వచ్చి స్థిరపడ్డాము. తిరిగి వెళ్లే ఆలోచన లేదు. డల్లాస్ ఉత్తర శివారులో మాకున్న నాలుగు పడకగదుల ఇంటిని మాత్రం అమ్మలేదు. దాని మీద అప్పు ఇంకా ఉన్నప్పటికీ తక్కువ వడ్డీకి తీసుకున్నది కావడంతో, అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయన్న ఆశతో అద్దెకిచ్చి వచ్చాము.

ఇంతకాలం అక్కడే ఉంటున్న ఒక స్నేహితుడు ఆ ఇంటి మంచిచెడ్డలు చూస్తున్నాడు. గత వేసవిలో ఏసీ ఆగిపోయినప్పుడు అతడు ఆఫీసు మానుకొని, మెకానిక్ వచ్చేవరకు ఇంటి ముందు నిలబడవలసి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలంటే మనకు రాత్రి ఒంటిగంటన్నర. నేను నిద్ర లేచి ఫోన్ చూసేసరికి పని మొత్తం అతడి నెత్తిన పడి, పూర్తి కూడా అయిపోయింది. తన పిల్లలు, తన ఉద్యోగం తనకున్నాయి. ఇక అతడిని ఇబ్బంది పెట్టడం భావ్యం కాదని, డబ్బు చెల్లించి ఒక ప్రాపర్టీ మేనేజర్‌ను పెట్టుకుందామని నిశ్చయించుకున్నాము.

మూడు సంస్థల నుంచి వివరాలు తెప్పించాను. ఒకరు నెల అద్దెలో ఎనిమిది శాతం అంటున్నారు, మరొకరు పది శాతం, ఇంకొకరు అద్దె ఎంతైనా నెలకు ఒకే మొత్తం. ఒప్పంద పత్రాలు మాత్రం ఒక్కొక్కటీ పాతిక పేజీలకు తక్కువ లేవు. వీటిలో దేనిని ముఖ్యంగా చూడాలి? పన్నుల విషయంలో మేనేజరుకు బాధ్యత ఏమైనా ఉంటుందా? మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు లేదు, హెచ్‌-1బి వీసా మీద పనిచేసి వచ్చినవాళ్లం. ఇల్లు ఇద్దరి పేరా ఉంది.


నాగావళి తీరం (శ్రీకాకుళం)

కంటోన్మెంట్ నివాసి గారికి నమస్కారం. మాదీ టెక్సాస్ ఇల్లే. మేము శ్రీకాకుళం వచ్చేసినప్పటి నుంచి అది మేనేజర్ల చేతిలోనే నడుస్తోంది, మధ్యలో ఒకసారి సంస్థను మార్చుకున్నాము కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఎనిమిదా, పదా అన్న ప్రశ్నను చివరకు వాయిదా వేయండి. 2,400 డాలర్ల అద్దె మీద ఆ తేడా నెలకు 48 డాలర్లు మాత్రమే. అసలు ఖర్చంతా ఒప్పందం లోపలి పేజీల్లో ఉంటుంది.

కొత్త అద్దెదారును తెచ్చినందుకు సగం నెల నుంచి పూర్తి నెల అద్దె వరకు తీసుకుంటారు. ఉన్నవారే మరో ఏడాది కొనసాగినా కొత్త సంతకాలు పెట్టించినందుకు ఒక రుసుము ఉంటుంది. మరమ్మతు బిల్లు మీద పది నుంచి ఇరవై శాతం కలుపుకొనే సంస్థలు ఉన్నాయి. అది ఒప్పందంలో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటుంది తప్ప, ధరల పట్టికలో కనిపించదు. నెలసరి రుసుము 'వసూలైన అద్దె' మీదనా, 'రావలసిన అద్దె' మీదనా అన్నది తప్పకుండా చూడండి. రెండవదైతే ఇల్లు ఖాళీగా ఉన్నా, అద్దెదారు ఎగ్గొట్టినా మీరు కడుతూనే ఉంటారు. అద్దె ఆలస్యమైనప్పుడు అద్దెదారు కట్టే జరిమానా ఎవరికి చెందుతుందో, మీకు చెప్పకుండా ఎంతవరకు మరమ్మతు చేయించవచ్చో కూడా రాసి ఉండాలి. మా ఒప్పందంలో ఆ పరిమితి 300 డాలర్లు. నీళ్లు కారడం, కరెంటు ప్రమాదం వంటి అత్యవసరాలకు మాత్రం ఏ పరిమితీ పెట్టకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిపోయి ఇళ్లలో పైపులు పగిలినప్పుడు, అనుమతి కోసం ఎదురుచూసిన ఒక్కొక్క గంటా పైకప్పునూ గోడలనూ నానబెట్టింది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా పాత సంస్థ పంపిన నెలవారీ లెక్కలో ఏసీ కెపాసిటర్ మార్చినట్టు ఒక వరుస, దాని కిందనే 'ఇల్లు చల్లబడటం లేదు, పరిశీలన' అని మరొక వరుస ఉన్నాయి. రెండింటికీ విడివిడిగా రాకపోకల ఛార్జీ వేశారు. ఫొటోలు పంపమని అడిగితే, రెండు పనులవీ ఒకే మధ్యాహ్నం కొద్ది నిమిషాల తేడాతో తీసినవి వచ్చాయి: అదే ఏసీ పెట్టె, పక్కన అదే ఎండిపోయిన గులాబీ మొక్క, గోడ మీద అదే నీడ. రాతపూర్వకంగా అడిగాక ఒక ఛార్జీని తిరిగి జమ చేశారు. అందుకే ప్రతి మరమ్మతుకూ పనివాడి అసలు బిల్లు, పనికి ముందు తీసిన ఫొటో, తరువాత తీసిన ఫొటో ఇవ్వాలన్న షరతును కొత్త ఒప్పందంలో రాయించుకున్నాము. సరైన సంస్థ దీనికి వెనుకాడదు.

అన్నిటికంటే ముఖ్యం బయటపడే దారి. ముప్ఫై రోజుల నోటీసుతో ఒప్పందం రద్దు చేసుకునే వీలుండాలి. కొన్ని పత్రాల్లో మధ్యలో మానుకుంటే మిగిలిన నెలల రుసుమంతా కట్టాలని ఉంటుంది. ఇంకొన్నింటిలో, అద్దెదారే ఎప్పుడైనా ఇల్లు కొనుక్కుంటే మేనేజరుకు అమ్మకపు కమిషన్ ఇవ్వాలని ఉంటుంది. ఈ రెండూ కొట్టివేయించాకే సంతకం పెట్టండి. అడిగితే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. అడగనివారికి మాత్రం అచ్చులో ఉన్నదే వర్తిస్తుంది.


ఆమదాలవలస కుర్రవాడు (ప్రస్తుతం డల్లాస్)

నేను మీ స్నేహితుడి పక్షం నుంచి రాస్తున్నాను, ఎందుకంటే ఇద్దరు బంధువుల ఇళ్లు ఇలాగే చూస్తున్నాను. ప్రేమతో చేసే పనే అయినా, అద్దెదారుతో మాట పట్టింపు వచ్చినప్పుడు మధ్యలో నలిగేది మేమే. పైగా చట్టపరమైన చిక్కు ఒకటుంది. టెక్సాస్‌లో ఇంకొకరి ఇంటిని అద్దెకు కుదిర్చినందుకు గాని, ఒంటి ఇంటి అద్దెను వారి తరఫున వసూలు చేసి జమ చేసినందుకు గాని ప్రతిఫలం తీసుకోవాలంటే రియల్ ఎస్టేట్ బ్రోకర్ లైసెన్స్ ఉండాలి. కాబట్టి 'నెలకు ఇంత ఇస్తాను, నువ్వే చూసుకో' అని స్నేహితుడికి డబ్బు ఇవ్వజూపడం అతడిని చిక్కుల్లో పెట్టడమే అవుతుంది. ఈ మాట చాలామందికి తెలియదు.

సంస్థను ఎంచుకునేటప్పుడు మొదట టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైటులో ఆ బ్రోకర్ పేరు వెతకండి. లైసెన్స్ చెల్లుబాటులో ఉందా, ఎప్పటి నుంచి ఉంది, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది అక్కడ అందరికీ కనిపిస్తుంది. తరువాత, అద్దెలు, డిపాజిట్లు ఏ ఖాతాలో ఉంచుతారని అడగండి. ఇతరుల సొమ్మును బ్రోకర్లు తమ సొంత సొమ్ముతో కలపకుండా ట్రస్టు ఖాతాలో ఉంచాలి. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేనివారితో మాట్లాడటం అక్కడితో ఆపేయవచ్చు.

ఒక్కొక్క మేనేజర్ చేతిలో ఎన్ని ఇళ్లున్నాయో, రాత్రిపూట ఫోన్ ఎత్తేది వాళ్ల మనుషులా, బయటి కాల్ సెంటరా అన్నది కూడా అడగండి. రెండవది తప్పు కాదు, కాని పైపు పగిలితే ప్లంబరును పంపే అధికారం ఫోన్ ఎత్తినవారికి ఉండాలి.


గరివిడి పెద్దాయన (విజయనగరం జిల్లా)

మా అబ్బాయి ఉద్యోగరీత్యా అమెరికా నుంచి సింగపూర్ మారడంతో, అక్కడి ఇంటి ఉత్తర ప్రత్యుత్తరాలు నేనే చూస్తున్నాను. నాదొక సందేహం. ఇంట్లో పూజగది ఉంది, వంటిల్లు శుభ్రంగా ఉండాలని మా కోడలి పట్టుదల. మన తెలుగువారికే ఇవ్వమని, కుదిరితే చిన్నపిల్లలు లేనివారికి ఇవ్వమని మేనేజరుకు మెయిల్ రాద్దామనుకుంటున్నాను. మన ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం చెప్పే మాటలే కదా ఇవి. అక్కడ ఇలా రాయవచ్చునా?


ఆమదాలవలస కుర్రవాడు (ప్రస్తుతం డల్లాస్)

పెద్దలు గరివిడి వారికి నమస్కారం. దయచేసి ఆ మెయిల్ పంపకండి. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. జాతి, రంగు, మతం, ఏ దేశం నుంచి వచ్చారన్నది, లింగం, వైకల్యం, ఇంట్లో పిల్లలుండటం, వీటిలో దేనినీ చూసి అద్దెకు ఇవ్వడం, నిరాకరించడం కుదరదు. 'తెలుగువారికే', 'పిల్లలు లేనివారికే' అన్న రెండు మాటలూ నేరుగా ఆ నిషేధాల కిందికి వస్తాయి. అవి రాతలో ఉంటే మీ అబ్బాయి మీదా, ఆ మాట పాటించిన మేనేజర్ మీదా ఫిర్యాదు చేయడానికి అదే సాక్ష్యం. సరైన మేనేజర్ అయితే మీ మెయిల్ చూసి ఒప్పందమే వద్దంటాడు.

మీరు అడగదగినవి వేరే ఉన్నాయి. నెల ఆదాయం అద్దెకు మూడు రెట్లు ఉండాలని, క్రెడిట్ నివేదిక తెప్పించాలని, గతంలో కోర్టు ద్వారా ఇల్లు ఖాళీ చేయించిన చరిత్ర ఉందేమో చూడాలని, పాత ఇంటి యజమానితో మాట్లాడాలని అడగండి. ఈ కొలతలు రాతలో ఉండి, దరఖాస్తు పెట్టిన అందరికీ ఒకేలా వర్తించాలి. పూజగది విషయంలో నాదొక మనవి: విగ్రహాలను, పటాలను ఇంట్లో ఉంచకండి, దగ్గరి బంధువుల ఇంట్లో పెట్టించండి. అద్దెకిచ్చాక ఆ గదిని వారు ఎలా వాడుకున్నా మనం అడగలేము.


బొబ్బిలి ఆడిటర్ (విజయనగరం జిల్లా)

పన్నుల గురించి అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మేనేజరును ఎంచుకోవడంలో ఇదే అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

మీరిద్దరూ అమెరికా పన్ను చట్టం దృష్టిలో ఇప్పుడు నాన్‌రెసిడెంట్ ఏలియన్లు, అంటే అక్కడి నివాసులు కాని విదేశీయులు. నాన్‌రెసిడెంటుకు వచ్చే అద్దె మీద, ఖర్చులేమీ తీసివేయకుండా, మొత్తం మీద 30 శాతం పన్ను కోయాలన్నది అక్కడి మూలసూత్రం. ఆ డబ్బును చేతుల మీదుగా పంపే మేనేజర్‌దే కోసే బాధ్యత. కోయకపోతే ఆ పన్ను అతడి నెత్తిన పడుతుంది. దీనికి చట్టమే ఒక మార్గం ఇచ్చింది. అద్దె ఆదాయాన్ని అక్కడి వ్యాపార ఆదాయంగా పరిగణించమని 871(డి) సెక్షన్ కింద కోరుకోవచ్చు. అలా కోరుకున్నవారు డబ్ల్యూ-8ఇసిఐ అనే ఫారం నింపి మేనేజరుకు ఇస్తే అతడు 30 శాతం కోయనక్కరలేదు. మీరు ఏటా 1040-ఎన్‌ఆర్ రిటర్ను వేసి, ఖర్చులూ తరుగుదలా పోను మిగిలిన దాని మీద మాత్రమే పన్ను కడతారు. మొదటి రిటర్నుతో పాటు ఈ కోరికను తెలిపే పత్రం జతచేయాలి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇద్దరూ విడివిడిగా ఫారం ఇవ్వాలి, విడివిడిగా రిటర్ను వేయాలి. నాన్‌రెసిడెంట్ దంపతులకు ఉమ్మడి రిటర్ను ఉండదు. జీతం లేకుండా అద్దె మాత్రమే ఉన్నవారికి గడువు జూన్ 15. గడువు దాటి పదహారు నెలలైనా రిటర్ను వేయకపోతే ఖర్చులు తీసివేసుకునే హక్కే పోయే ప్రమాదం ఉంది.

ఇక మన దేశంలో. విదేశాల నుంచి తిరిగి వచ్చినవారు మొదటి ఒకటి రెండేళ్లు, కొందరు మూడేళ్లు, 'రెసిడెంటే, కాని సాధారణ నివాసి కారు' అన్న మధ్యస్థితిలో ఉంటారు. గత 10 ఆర్థిక సంవత్సరాల్లో 9 ఏళ్లు నాన్‌రెసిడెంటుగా ఉండటమో, గత 7 ఏళ్లలో ఇక్కడ గడిపిన రోజులు 729కి మించకపోవడమో దానికి కొలత. ఆ కాలంలో అమెరికా అద్దెకు ఇక్కడ పన్ను లేదు. తరువాత పూర్తి రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఏటా 28,800 డాలర్ల అద్దె, 7,000 ఆస్తి పన్ను, 9,000 వడ్డీ, 2,400 బీమా, మేనేజరుకు 3,500, మరమ్మతులు 1,500 అనుకుందాం. అమెరికా లెక్కలో ఇవన్నీ పోతే 5,400 మిగులుతుంది. ఇంటి కట్టడం విలువ మూడు లక్షల డాలర్లయితే, దానిని 27.5 ఏళ్లకు పంచగా వచ్చే తరుగుదల ఏటా సుమారు 10,900. అంటే అక్కడ నష్టమే తేలుతుంది, పన్ను ఉండదు. మన చట్టంలో తరుగుదల లేదు; బీమా, మేనేజర్ రుసుము, మరమ్మతులు విడిగా తీసివేయనివ్వరు. ఆస్తి పన్ను పోగా మిగిలిన 21,800లో 30 శాతం స్థిర మినహాయింపు, ఆపైన వడ్డీ మాత్రమే ఇస్తారు. అప్పుడు 6,260 డాలర్లు పన్నుకు లోనవుతాయి. అమెరికాలో కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు పొందవచ్చని రెండు దేశాల ఒప్పందం చెబుతున్నా, అక్కడ కట్టింది సున్నా అయితే మినహాయించుకునేదీ సున్నాయే. చాలామంది 'అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదు' అనుకుంటున్నారు. దయచేసి అలా అనుకోకండి.

పూర్తి రెసిడెంట్ అయ్యాక రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏ నింపడం తప్పనిసరి. విదేశీ స్థిరాస్తిని చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. ఇల్లు ఉంచుకోవడంలో మాత్రం తప్పేమీ లేదు: విదేశంలో ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తిని తిరిగి వచ్చాక కూడా అట్టే ఉంచుకోవచ్చని మన విదేశీ మారకద్రవ్య చట్టమైన ఫెమాలోని 6(4) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.


కంటోన్మెంట్ నివాసి (విజయనగరం)

ఆడిటర్ గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీ వివరణ చదివాక మూడు సంస్థల కాగితాలు మళ్లీ తీసి చూశాను. ఎనిమిది శాతం వారు, నెలకు ఒకే మొత్తం వారు డబ్ల్యూ-9 అనే ఫారం పంపి సంతకం చేయమన్నారు. పది శాతం వారు మాత్రం 'మీరు ఏ దేశంలో నివసిస్తున్నారు, మీ పన్ను స్థితి ఏమిటి' అని ముందుగా అడిగి, జవాబును బట్టి ఫారం పంపుతామన్నారు. డబ్ల్యూ-9 మీద సంతకం పెడితే ఏమవుతుంది? మాకు సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి, అవి సరిపోతాయా?


బొబ్బిలి ఆడిటర్ (విజయనగరం జిల్లా)

డబ్ల్యూ-9 అనేది 'నేను అమెరికా పన్ను చట్టం ప్రకారం అక్కడి వ్యక్తిని' అని ప్రమాణం చేసే పత్రం. మీరు ఇప్పుడు ఆ వ్యక్తి కారు, కాబట్టి దాని మీద సంతకం పెట్టకూడదు. సంస్థలు అలవాటు కొద్దీ అందరికీ అదే పంపుతుంటాయి. మీకు విజయనగరం చిరునామా ఉందని తెలిసి కూడా అది పంపారంటే, నాన్‌రెసిడెంట్ యజమానులతో వారికి పని పడలేదనే అర్థం. పది శాతం వారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న, మీరు ఎక్కువగా కట్టే ఆ రెండు శాతానికి సరిపోతుంది.

సోషల్ సెక్యూరిటీ నంబరు జీవితాంతం ఉంటుంది, దానినే వాడండి. అది లేనివారికి ఐటిన్, అంటే అమెరికా పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య, కావాలి. వరుసగా మూడేళ్లు రిటర్నులో వాడకపోతే ఐటిన్ గడువు తీరిపోతుంది. డబ్ల్యూ-8ఇసిఐ సంతకం చేసిన ఏడాది, ఆ పైన మూడు క్యాలెండర్ సంవత్సరాల చివరి వరకు చెల్లుతుంది. ఆ తేదీని మీరే గుర్తుంచుకొని కొత్తది ఇవ్వండి.


వంశధార (నరసన్నపేట)

మా ఇల్లు ఇంగ్లండులో ఉంది. అక్కడి పద్ధతి వేరు కాబట్టి, ఆ దేశపు ఆస్తి ఉన్నవారి కోసం రెండు మాటలు. యజమాని విదేశంలో ఉంటే, ఖర్చులు పోగా వచ్చే అద్దె మీద లెట్టింగ్ ఏజెంటు 20 శాతం కోసి అక్కడి పన్ను శాఖకు కట్టాలి. ఎన్‌ఆర్‌ఎల్‌1ఐ దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకుంటే కోయకుండా మొత్తం పంపుతారు, ఏటా రిటర్ను మాత్రం మనం వేయాలి. ఏజెంటు ఫిర్యాదుల పరిష్కార పథకంలో సభ్యుడా, 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన ఖాతాదారుల సొమ్ము రక్షణ పథకంలో ఉన్నాడా అన్న రెండు ధ్రువపత్రాలు అడిగితే చాలావరకు నిగ్గు తేలుతుంది. డిపాజిట్‌ను ముప్ఫై రోజుల్లో రక్షణ పథకంలో వేయాలి. ఏటా గ్యాస్ తనిఖీ, అయిదేళ్లకు ఒకసారి విద్యుత్ తనిఖీ జరిపించాలి. ఏజెంటు మరచిపోయినా బాధ్యత యజమానిదే, అందుకే ఆ తేదీలు మా ఇంటి క్యాలెండరులో కూడా రాసుకున్నాము.


చీపురుపల్లి (విజయనగరం జిల్లా)

అందరి మాటలూ చదివాక నాకు వేరే విధంగా అనిపిస్తోంది. తిరిగి వెళ్లే ఉద్దేశం లేనప్పుడు ఈ మేనేజర్లు, రెండు దేశాల రిటర్నులు, అర్ధరాత్రి ఫోన్లు దేనికి? అమ్మేసి ఆ డబ్బు ఇక్కడ పెట్టుకోవడం మేలు కాదా? గత అయిదేళ్లలో రెండేళ్లు సొంత నివాసంగా ఉన్న ఇంటిని అమ్మితే ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల లాభం వరకు అమెరికాలో పన్ను లేదు. ఇల్లు వదిలిన మూడేళ్లు దాటితే ఆ అవకాశం చేజారుతుంది.


బొబ్బిలి ఆడిటర్ (విజయనగరం జిల్లా)

చీపురుపల్లి వారి మాటలో నిజముంది, దానికి ఇంకొకటి కలపాలి. ఇక్కడ పూర్తి రెసిడెంట్ కాకముందే అమ్మితే ఆ లాభానికి మన దేశంలోనూ పన్ను ఉండదు. అయ్యాక అమ్మితే అమెరికా ఇచ్చిన మినహాయింపుతో నిమిత్తం లేకుండా ఇక్కడ మూలధన లాభం పన్ను పడుతుంది. నాన్‌రెసిడెంట్ అమ్మినప్పుడు కొనుగోలుదారు సాధారణంగా అమ్మకపు ధరలో 15 శాతం పట్టి అమెరికా పన్ను శాఖకు జమ చేస్తాడు, రిటర్ను వేశాక అందులో అదనం తిరిగి వస్తుంది. అద్దె కాలంలో తీసుకున్న తరుగుదల మేరకు మాత్రం లాభానికి అక్కడ పన్ను తప్పదు. కాబట్టి కంటోన్మెంట్ నివాసి గారు తమకు ఈ రెండు గడువులు ఎప్పుడు తీరుతాయో కాగితం మీద రాసుకొని, మేనేజర్ ఒప్పందాన్ని అంతకంటే ఎక్కువ కాలానికి కట్టుబడకుండా చూసుకోవాలి.


నాగావళి తీరం (శ్రీకాకుళం)

అమ్మకం ఎవరి పరిస్థితిని బట్టి వారు తేల్చుకోవలసినది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకుంటూ, పిల్లలను కొత్త బడిలో కుదుర్చుకుంటూ ఉన్నవారికి ఆ నిర్ణయానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి కోసమే మంచి మేనేజర్ అవసరం.

ఎవరూ చెప్పని విషయాలు కొన్ని చెబుతాను. మీరు ఆ ఇంట్లో ఉన్నప్పుడు తీసుకున్న బీమా యజమాని నివాసానికి సంబంధించినది. అద్దెకిచ్చాక దానిని అద్దె ఇంటి బీమాగా మార్చకపోతే, వడగళ్లకు పైకప్పు పోయినప్పుడు కంపెనీ చేతులెత్తేయవచ్చు. ఉత్తర టెక్సాస్‌లో వడగళ్లు అరుదు కాదని మీకు తెలుసు. సొంత నివాసానికి ఇచ్చే హోమ్‌స్టెడ్ పన్ను రాయితీ కూడా ఇక మీకు వర్తించదు; ఆ సంగతి కౌంటీకి తెలియజేయకపోతే తరువాత పాత ఏళ్ల తేడా వసూలు చేస్తారు. మీ అప్పు వాయిదాలోనే పన్ను, బీమా కలిసి పోతుంటే ఈ రెండు మార్పులతో వాయిదా పెరుగుతుంది, అద్దె నిర్ణయించే ముందే ఆ లెక్క చూసుకోండి. కౌంటీ ఉత్తరాలు, ఇళ్ల సంఘం నోటీసులు ఇప్పటికీ ఆ ఇంటికే వెళుతుంటాయి, అద్దెదారు వాటిని చెత్తబుట్టలో వేస్తాడు. గడ్డి కోయలేదన్న చిన్న నోటీసు జవాబు లేక జరిమానాగా మారుతుంది. కౌంటీకీ, సంఘానికీ చిరునామా మార్పించి, మేనేజరుకు కూడా ప్రతి వెళ్లేలా చూడండి. అమెరికా బ్యాంకు ఓటీపీ కోసం అక్కడి ఫోన్ నంబరును తక్కువ ఖర్చు ప్లానులోనైనా బతికించి ఉంచుకోండి. అది పోతే అద్దె జమైన ఖాతాలోకి మీరే వెళ్లలేరు.


కంటోన్మెంట్ నివాసి (విజయనగరం)

మీ అందరి సలహాలతో పది శాతం సంస్థ వారితో వీడియోలో మాట్లాడాము. లైసెన్స్ వివరాలు కమిషన్ వెబ్‌సైటులో సరిపోయాయి. ట్రస్టు ఖాతా గురించి అడిగితే బ్యాంకు పేరుతో సహా చెప్పారు. రుసుము వసూలైన అద్దె మీదనే. అమ్మకపు కమిషన్ వాక్యం తీసివేయడానికి ఒప్పుకున్నారు. మధ్యలో మానుకుంటే కట్టవలసిన మొత్తాన్ని పూర్తిగా తీసివేయలేదు గాని, మొదటి ఆరు నెలలకే పరిమితం చేశారు. మరమ్మతుకు అనుమతి పరిమితి 300 డాలర్లు, అసలు బిల్లు, ఫొటోలు ఇస్తామని అనుబంధ పత్రంలో రాశారు. ఇంటిని ఏడాదికి రెండుసార్లు లోపలికి వెళ్లి చూసి ఫొటోలు పంపుతారు. మేమిద్దరం ఆన్‌లైన్‌లోనే సంతకాలు చేశాము, నోటరీ అవసరం రాలేదు.

అమ్మకం గురించి చీపురుపల్లి వారు, ఆడిటర్ గారు చెప్పిన గడువులను మా ఆవిడ, నేను కూర్చొని లెక్క వేసుకున్నాము. ఇంకో ఏడాది చూసి, మా రెసిడెంట్ స్థితి మారకముందే తేల్చుకుంటాము. ప్రస్తుతానికి ఒక్క సందేహం మిగిలింది. ఇప్పుడున్న అద్దెదారుల డిపాజిట్ మా ఖాతాలోనే ఉంది. దానిని మేనేజరుకు బదిలీ చేయాలా?


ఆమదాలవలస కుర్రవాడు (ప్రస్తుతం డల్లాస్)

బదిలీ చేయడమే మంచిది. టెక్సాస్ చట్టం ప్రకారం అద్దెదారు ఖాళీ చేసి, కొత్త చిరునామా రాసిచ్చాక ముప్ఫై రోజుల్లో డిపాజిట్ గాని, కోత పెట్టిన కారణాల జాబితా గాని ఇవ్వాలి. దురుద్దేశంతో ఆపుకున్నట్టు తేలితే ఆపిన మొత్తానికి మూడు రెట్లు, ఆపైన 100 డాలర్లు, లాయరు ఖర్చు కూడా కట్టవలసి వస్తుంది. మీరు విజయనగరంలో, డబ్బు మీ ఖాతాలో, ఇల్లు చూసి లెక్క కట్టేవాడు డల్లాసులో ఉంటే ఆ ముప్ఫై రోజులు చాలవు. ట్రస్టు ఖాతాకు పంపి, అందినట్టు మేనేజర్ నుంచి రశీదు తీసుకోండి. డిపాజిట్ ఇకపై ఎవరి దగ్గర ఉంది, అద్దె ఏ తేదీ నుంచి ఎవరికి కట్టాలి అన్నది మీరూ మేనేజరూ ఇద్దరూ అద్దెదారుకు రాతపూర్వకంగా తెలియజేయండి, లేకపోతే మోసగాళ్ల మెయిల్ అనుకొని వారు అద్దె ఆపేసే అవకాశం ఉంది.

అద్దెదారు ఇంట్లో దిగినప్పుడు మీ స్నేహితుడు తీసిన ఫొటోలు, అప్పటి పరిశీలన పత్రం, అద్దె ఒప్పందం అసలు ప్రతి, గ్యారేజీ రిమోట్లు, పోస్టుపెట్టె తాళంచెవి, ఏసీ, పైకప్పు వారంటీ కాగితాలు, వీటన్నిటినీ ఒక జాబితాగా రాసి, అతడి చేత మేనేజరుకు అప్పగింపజేసి సంతకం తీసుకోండి. అతడికి ఇదే చివరి పని అవుతుంది.